తేలుకొండిని తాగొద్దు, మాడ్చొద్దు

మా చుట్టాల గ్రూపులో కొన్నాళ్ళకోసారి ఒక ఫొటో తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది. వంకర తిరిగిన పూలకాడ, కింద ముడతలు పడ్డ ఆకులు. దాని కింద నాలుగైదు లైన్లు: ఈ మొక్క కనిపిస్తే వదలకండి, పరగడుపున కషాయం తాగితే కీళ్ళనొప్పులు పోతాయి, షుగరు దిగుతుంది, తేలు విషం నిమిషాల్లో విరుగుతుంది, పదిమందికీ పంపండి. ఆ మధ్య అది వచ్చిన వారంలోనే మా చేను పక్క రైతు, వరసకి బాబాయి అవుతాడు, మందు కొట్టిన గట్టు ఫొటో పెట్టాడు. ఎర్రగా మాడిన గడ్డి మధ్యలో అదే మొక్క వాలిపోయి ఉంది. కింద "గట్టు క్లీన్" అని రాసి, పక్కన ఒక బొటనవేలు. రెండు ఫొటోలకీ దండాలు పెట్టినవాళ్ళు చాలావరకు ఒకళ్ళే.

ఆ మొక్క తేలుకొండి. దాని కషాయం తాగకూడదు, గట్టు మీద దాన్ని గడ్డిమందుతో మాడ్చకూడదు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఒకటి ఆరోగ్యం సంగతి, రెండోది ప్రకృతి ప్రేమ అనుకోకండి. రెండింటికీ కారణం ఒక్కటే, ఆ మొక్కలో ఉన్న విషం.

ముందు మొక్కని కాస్త దగ్గరగా చూద్దాం. గోదావరి డెల్టాలో ఇది కనపడని ఊరు లేదు. దాళ్వా కోసి కాలువలు కట్టేశాక బోదెల అడుగున, చేపల చెరువు ఎండగట్టినప్పుడు మూలల్లో, లంకల్లో వరద తీశాక ఒండ్రు మీద, ఊరి చివర చెత్త పోసే పుంత పక్కన. కాస్త తడి తగిలి, ఆ తర్వాత ఎండ పడే నేల దానికి కావాలి. డెల్టా అంటేనే అలాంటి నేల. మోకాలెత్తు పెరుగుతుంది. కాడకీ ఆకుకీ నూగు ఉంటుంది, చేత్తో రుద్దితే గరగరలాడుతుంది. ఆకు అంచులు అలలు అలలుగా ఉంటాయి, ఈనెల మధ్య భాగం ఉబ్బి ముడతలు పడ్డట్టుంటుంది.

చూడాల్సింది పూలకాడని. అది కొసన లోపలికి చుట్టుకుని ఉంటుంది. పూలు చుట్ట మొదటినుంచి వరసగా, కాడకి ఒకే పక్కన, రెండు వరసల్లో విచ్చుకుంటూ వస్తాయి. విచ్చుకున్నంత మేర కాడ సాగి నిటారు అవుతుంది. అందుకని ఒకే కాడ మీద అడుగున ముదిరిన కాయలు, మధ్యలో పూలు, కొసన ఇంకా కళ్ళు తెరవని మొగ్గలు, మూడూ ఒకేసారి కనిపిస్తాయి. పువ్వు మరీ చిన్నది, అడ్డంగా నాలుగైదు మిల్లీమీటర్లకి మించదు. లేత ఊదా, లేకపోతే తెలుపు, గొంతులో పసుపు. నడిచి వెళ్ళేవాడికి పువ్వు ఆనదు, వంకీ ఒక్కటే ఆనుతుంది. అందుకే ఆ పేరు వచ్చింది, ఆ పేరు వల్లే తేలుకాటుకి మందన్న నమ్మకమూ బలపడింది.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి హీలియోట్రోపియం ఇండికం అని పేరు పెట్టాడు. మనం చదువుకున్న బోటనీ పుస్తకాల్లో ఇది బొరాజినేసి కుటుంబం. 2016 నాటికి కొందరు శాస్త్రవేత్తలు ఆ పెద్ద కుటుంబాన్ని విడగొట్టి దీన్ని వేరు కుటుంబంలో పెట్టారు, మరికొందరు పాత ఉమ్మడి కుటుంబంలోనే ఉంచారు. ఆస్తి పంపకాల్లాంటి ఆ గొడవ మనకక్కర్లేదు. పాత లెక్కలో దీని చుట్టాలు మనకి తెలిసినవే. మెరక నేలల్లో తలలు వంచుకుని పూసే గువ్వగుత్తి ఒకటి. చిన్నప్పుడు గాలిపటాలకి బంక కోసం కాయలు నలిపిన విరిగి చెట్టు ఇంకొకటి. సముద్రం వైపు పోతే, ఉప్పు తేలిన నేలల్లో, దీని సొంత జాతిదే ఒకటి నేలమీద పాకుతూ ఉంటుంది. నూగు లేని మందపాటి ఆకులు, తెల్లటి పూలు, కానీ కాడ మాత్రం అదే వంకీ. పేరు హీలియోట్రోపియం కురసావికం, అమెరికా నుంచి వచ్చింది.

పేరు దగ్గర ఒక ప్రమాదం ఉంది, అదీ చెప్పాలి. ఎండు కాయకి రెండు కొక్కేలుండే గరుడముక్కు మొక్కని కూడా చాలాచోట్ల తేలుకొండి అనే అంటారు. మన వంకీ పూల తేలుకొండిని కొందరు నాగదంతి అంటారు. ఆయుర్వేదంలో దంతి వేరే మొక్క, దానిది వేరే కథ. అంటే ఆ ఫార్వర్డ్ మెసేజ్ చదివి ఎవరు ఏ మొక్క పీక్కొచ్చి మరగబెడతారో రాసినవాడికే తెలీదు. మా డెల్టా అంచున సామర్లకోటలో 1781 నుంచి 1793 దాకా విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరు కాపురముండి మొక్కలు సేకరించాడు, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. ఆయనకి పేరు చెప్పిన మనిషి మొక్కని చేత్తో పట్టుకుని చెప్పాడు. మనకి చెప్పేవాడి చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు.

ఇక విషం సంగతి. తేలుకొండిలో పైరోలిజిడీన్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటిలో ఒకదానికి ఈ మొక్క పేరుమీదే ఇండిసీన్ అని పేరు. మొక్కలో ఉన్నంతసేపు అవి పెద్దగా హాని చేసేవి కావు. మనం తాగాక లివరుకి చేరతాయి. అక్కడ, వచ్చిన ప్రతిదాన్నీ విరిచి బయటికి పంపే ఎంజైములు వీటినీ విరుస్తాయి. విరిగాకే అవి అసలు విషం అవుతాయి. లివరులోని సన్నటి రక్తనాళాల లోపలి పొర దెబ్బ తింటుంది, నాళాలు పూడుకుపోతాయి, రక్తం వెనక్కి తన్నుతుంది, పొట్టలో నీరు చేరుతుంది. ఇది తాగిన రోజున జరగదు. కొంచెం కొంచెంగా పోగవుతుంది, వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత బయటపడుతుంది. అప్పటికి కషాయం సంగతి మనిషి మర్చిపోయి ఉంటాడు, డాక్టరు అడగాలని అనుకోడు.

"మన పూర్వీకులకి తెలీదా" అనేవాళ్ళకి నా జవాబు ఇక్కడే ఉంది. అప్పుడే వాంతులయ్యే విషాన్ని పూర్వీకులు తప్పకుండా పట్టుకునేవారు. ఈ రోజు తాగితే రెండు నెలలకి పొట్ట ఉబ్బే విషాన్ని, లెక్క రాసుకోకుండా, ఎంత తెలివైన పూర్వీకుడైనా పట్టుకోలేడు. పైగా మా వైపు పెద్దవాళ్ళు ఈ ఆకుని ఎక్కువగా నూరి సెగ్గడ్డల మీద, పుళ్ళ మీద కట్టేవారు. పైపూతకీ పరగడుపు కషాయానికీ చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని చెరిపేసింది పూర్వీకులు కాదు, ఫార్వర్డ్‌లు.

ఇదేదో ల్యాబులో ఎలుకలకి జరిగిన ముచ్చట కాదు. 1970ల మధ్యలో అఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్ ప్రాంతంలో రెండేళ్ళ కరువు తర్వాత జనానికి వరసగా పొట్టలు ఉబ్బడం మొదలైంది. పరీక్ష చేసిన ఏడు వేల పైచిలుకు మందిలో ఐదోవంతు దాటి లివరు జబ్బు కనపడింది. గోధుమ చేలల్లో కలుపుగా పెరిగిన తేలుకొండి జాతి మొక్క గింజలు గోధుమల్లో కలిసి, పిండిగా మారి, రొట్టెల్లోకి వచ్చాయి. ఆ రోజుల్లోనే, 1975లో, మన దేశంలో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గూజా జిల్లాలోనూ అదే జబ్బు. 67 మందికి వస్తే 28 మంది చనిపోయారు. అక్కడ చిరుధాన్యంలో కలిసింది జనుము జాతికే చెందిన ఒక అడవి మొక్క గింజలు, విషం మాత్రం ఈ తరగతిదే. మనం వరి కోశాక చల్లుకునే మినుము చేలో తేలుకొండి కనపడితే కోతకి ముందే పీకెయ్యమని నేను కూలీలకి చెప్పేది అందుకే. చూశారుగా, పీకడానికి నేనేమీ వ్యతిరేకిని కాదు.

అమెరికాలో 2001లో, ఈ బొరాజినేసి కుటుంబంలోదే కామ్‌ఫ్రీ అనే మొక్కతో చేసిన, కడుపులోకి పుచ్చుకునే ఉత్పత్తుల్ని మార్కెట్లోంచి తీసెయ్యమని అక్కడి మందుల నియంత్రణ సంస్థ కంపెనీలకి చెప్పింది. కారణం ఇవే ఆల్కలాయిడ్లు. "సహజం కాబట్టి సైడ్ ఎఫెక్టులుండవు" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ హెచ్చరిక గుర్తొస్తుంది.

అవతలి పక్షం వాళ్ళకి బలమైన పాయింటు ఒకటుంది, దాన్ని దాచకూడదు. తేలుకొండి నుంచి తీసిన ఇండిసీన్ ఎన్-ఆక్సైడ్‌ని అమెరికాలో క్యాన్సర్ మందుగా మనుషుల మీద పరీక్షించారు. 1980ల్లో లుకేమియా రోగులకి ఇస్తే కొందరిలో జబ్బు వెనక్కి తగ్గింది కూడా. కానీ లివరు దెబ్బతింది. పెద్ద ఆసుపత్రిలో, కొలిచిన డోసులో, రోజూ రక్తపరీక్షలు చేస్తూ ఇచ్చినా ఆగని దెబ్బ అది. ఆ మందు ముందుకి సాగలేదు. కాబట్టి "ఈ మొక్కలో మందు గుణం ఉందని సైన్సే ఒప్పుకుంది" అని ఎవరైనా అంటే, అవునండీ, ఒప్పుకుంది, ఒప్పుకుని పక్కన పెట్టేసింది అని చెప్పండి.

తేలుకాటు మాట కూడా తేల్చేద్దాం. తేలు కుట్టిన చాలామందికి మంట కొన్ని గంటల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ గంటల్లో ఏ ఆకు కట్టినా, ఏ మంత్రం చదివినా పేరు దానికే వస్తుంది. ప్రాణం మీదికి వచ్చేది ఎర్ర తేలు కుట్టినప్పుడు, ముఖ్యంగా పిల్లలకి. ఒళ్ళంతా చెమటలు, వాంతులు, చేతులూ కాళ్ళూ చల్లబడటం, ఆయాసం. ఆ విషం దెబ్బ కొట్టేది గుండెని. దానికి ప్రాజోసిన్ అనే బీపీ మాత్ర పనిచేస్తుందని 1980ల్లో గట్టిగా చూపించినవాడు మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో ప్రాక్టీసు చేసే డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్. ఆ మాత్ర వాడకంలోకి వచ్చాక చావులు బాగా తగ్గాయి. చవక మాత్ర. కొబ్బరి డొక్కల గుట్టలో చెయ్యి పెట్టి కుట్టించుకున్న పిల్లాడిని ఆకు పసరు కోసం గట్టు మీద వెతుకుతూ ఆపితే పోయేది ఆ మాత్రకి దొరకాల్సిన టైమే. నూటెనిమిదికి ఫోను చేసి ఆసుపత్రికి పదండి.

ఇంత విషం చెప్పాక "మరి మాడ్చేస్తే పీడా పోతుంది కదరా" అన్నాడు బాబాయి. న్యాయమైన ప్రశ్నే.

దానికి జవాబు గట్టు మీదే చూపించొచ్చు. చెక్కినప్పుడు పీకి పడేసిన తేలుకొండి ఎండకి వాడి, ఆకులు నల్లబడ్డాక, పొద్దున పూట వెళ్ళి చూడండి. పూలు రాలిపోయాయి, తేనె లేదు, పచ్చదనం లేదు. అయినా దానిమీద సీతాకోకచిలుకలు గుంపులుగా వాలి ఉంటాయి. నల్ల రెక్కల మీద లేత నీలం చారలున్నవి బ్లూ టైగర్లు. నారింజ రంగుకి నల్ల అంచు ఉన్నవి ప్లెయిన్ టైగర్లు. చాక్లెట్ రంగు మీద తెల్ల చుక్కలున్నవి కామన్ క్రోలు. పచ్చగా నిలబడి పూస్తున్న మొక్క పక్కనే ఉన్నా దాన్ని వదిలి ఈ వాడిన కట్టె మీదికే వస్తాయి. వంగి చూస్తే చేసే పని కనపడుతుంది. కాళ్ళతో ఆకుని గీరుతుంది. తొండం చాపి ఎండిన ఆకు మీద తడి వదులుతుంది, ఆ తడిలో కరిగినదాన్ని మళ్ళీ పీల్చుకుంటుంది. మన నీడ మీద పడినా చప్పున లేవదు. మామూలప్పుడు అడుగు చప్పుడికే ఎగిరిపోయే పురుగు అది.

అక్కడున్నవి దాదాపు అన్నీ మగవే. ప్లెయిన్ టైగర్‌లో ఇది తేల్చడం తేలిక. వెనక రెక్క నడిమి భాగంలో నల్ల చుక్కలు ఆడదానికి మూడు, మగదానికి నాలుగు. అవి వచ్చింది మన లివరుని పాడుచేసే ఆ ఆల్కలాయిడ్ల కోసమే. మగ చిలుక వాటినుంచి ఒక వాసన ద్రవ్యం తయారు చేసుకుంటుంది. పొట్ట చివర దాచుకున్న సన్నటి కుచ్చుల్ని బయటికి చాపి, ఆడదాని ముందు ఆ వాసన చల్లుతుంది. ఈ చిలుకల చుట్టమైన క్వీన్ అనే అమెరికా సీతాకోకచిలుక మీద 1960ల చివర్లో పరిశోధన చేసి, ఆ వాసన లేని మగవాటికి జత కుదరడం కష్టమని చూపించారు. పైగా ఆ చేదు ఒంట్లో ఉంటే పక్షి నోట్లో పెట్టుకోదు.

ఇంకో చిన్న రెక్కల పురుగుంది, తెల్లటి రెక్కల మీద ఎర్ర, నల్ల చుక్కలు, ఉటెథీసా అంటారు. దాని గొంగళి పురుగు తేలుకొండి మీదా గిలిగిచ్చ కాయల మీదా బతుకుతుంది. దీని అమెరికా చుట్టం మీద థామస్ ఐస్నర్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఈ విషం తిని పెరిగిన పురుగు సాలెగూట్లో పడితే, సాలీడు వచ్చి తడిమి చూసి, దారాలు తెంపి దాన్ని వదిలేస్తుందట. మగది జత కట్టేటప్పుడు ఆ విషంలో కొంత ఆడదానికి ఇస్తుంది, ఆడది దాన్ని గుడ్లకి పంచుతుంది. పెళ్ళిలో ఇచ్చిపుచ్చుకోవడాల మీద మనకి బోలెడు అనుభవం ఉంది గానీ, విషాన్ని ఇచ్చి పిల్లల్ని కాపాడటం మాత్రం వీటి దగ్గరే చూశాను.

ఇప్పుడు గడ్డిమందు దగ్గరికి రండి. మందు కొట్టినా తేలుకొండి వాడిపోతుంది. వాడిపోతే చిలుకలు వస్తాయి. ఈసారి తొండంతో తడిపి పీల్చేదానిలో మన మందు కూడా ఉంటుంది. పీకి పడేసిన మొక్క వాటికి విందు, మందు కొట్టిన మొక్క అదే విందులో కలిపిన ఎర. నాకున్న అభ్యంతరం మొక్క చావుకి కాదు, చంపే పద్ధతికి.

బాబాయి వాదన ఇది: గట్టు నున్నగా లేకపోతే ఎలకలు బొరియలు పెడతాయి, పాములుంటాయి, వరి పురుగులు గడ్డిలో దాక్కుంటాయి, కూలి మనిషి దొరకడం లేదు. మొదటి మూడింటికీ పాత మందు గట్టు చెక్కడమే. పారతో చెక్కి, మట్టి ఎగదోసి, మెత్తేవారు. చెక్కిన గట్టు మీద వేళ్ళు మిగులుతాయి, కొన్నాళ్ళకి చిగురు వేస్తుంది. మందుతో మాడిన గట్టుకి పట్టు పోతుంది. శ్రావణ మాసం వానలకి ఒండ్రు గట్టు జారి బోదెలోకి దిగడం మందు కొట్టినచోటే ఎక్కువ చూస్తున్నాను. జారిన మట్టి ఎత్తడానికి మళ్ళీ కూలే కావాలి. ఆ లెక్క ఎవరూ వెయ్యరు.

గట్టు మీద పూలుంటే పురుగులు పెరుగుతాయన్న భయానికి కూడా సమాధానం ఉంది. థాయ్‌లాండ్, చైనా, వియత్నాం వరి పొలాల్లో గట్ల మీద నువ్వుల్లాంటి పూల మొక్కలు పెంచి చూసిన ఫలితాలు 2016లో వచ్చాయి. పురుగుమందు వాడకం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. గట్టు పూల తేనె తాగే చిన్న చిన్న కందిరీగలు వరి పురుగు గుడ్లలో తమ గుడ్లు పెట్టి వాటిని చంపేస్తాయి. వాళ్ళు పెట్టింది తేలుకొండి కాదు, కాబట్టి ఆ గొప్పంతా దీనికి అంటగట్టను. కానీ బోడి గట్టే మంచి గట్టు అన్న మాట మాత్రం అక్కడితో పోయింది.

ఇక నాలుగోది, కూలి. ఇది నిజం. బాబాయికి డెబ్బై దాటింది, పార పట్టలేడు. చెక్కేవాళ్ళు దొరికినా అడిగిన కూలికి ఆయన గుండె ఆగుతుంది. మందు డబ్బా, పంపు ఉంటే ఒక పూట పని. అందుకని ఆయన్ని తిట్టను. కానీ గ్లైఫోసేట్ అనే గడ్డిమందుని 2022 అక్టోబరులో కేంద్రం అందరూ కొట్టే మందుల్లోంచి తీసేసింది, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేతే కొట్టించాలని చెప్పింది. పారాక్వాట్ అనే ఇంకో గడ్డిమందు లోపలికి పోతే విరుగుడే లేదు. లుంగీ ఎగ్గట్టి, ముక్కుకి తువ్వాలు చుట్టి, చెప్పుల్లేని కాళ్ళతో ఆయన ఆ మందు కొట్టడం చూస్తే నాకు సీతాకోకచిలుకల కన్నా ముందు ఆయన గురించే టెన్షన్ వస్తుంది.

డెల్టాలో గట్టు అంటే చిన్న విషయం కాదు. కాటన్ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఇక్కడ ప్రతి అడుగూ కాలువ కిందికి వచ్చింది. అడవి లేదు, బీడు లేదు. చేలు, తోటలు, చెరువులు, ఇళ్ళు. ఎవరూ నాటకుండా ఏదైనా మొలవాలంటే మిగిలిన చోటు గట్టూ, పుంతా, లంకా. భీమవరం వైపు పొలాలు చెరువులయ్యాక సన్న గట్లు పోయి లారీ నడిచేంత బండ్‌లు వచ్చాయి, వాటినీ మందుతోనే శుభ్రంగా ఉంచుతున్నారు. తేలుకొండి అంతరించిపోయే మొక్క కాదు, ఎక్కడో చోట మొలుస్తుంది. తక్కువవుతున్నవి దాన్ని వెతుక్కుంటూ వచ్చేవి.

మా చేనుకీ బాబాయి చేనుకీ మధ్య గట్టు ఉమ్మడిది. ఆయన వైపు సగం మాడి, నా వైపు సగం పచ్చగా కొన్నాళ్ళు నడిచింది. ఊళ్ళో నవ్వుకున్నారు కూడా. చివరికి ఈ ఏడు ఒక ఒప్పందానికి వచ్చాం. సార్వా ఊడ్పుల ముందు ఒకసారి, కోతల ముందు ఒకసారి మొత్తం గట్టు చెక్కిస్తాను, కూలి నాది. పీకిన తేలుకొండిని బోదెలోకి తొయ్యకుండా గట్టు మీదే పడేస్తారు, కానీ మినుము నూర్చే కళ్ళం వైపు రానివ్వరు. పశువుల మేతలో కలవనివ్వరు. మందు పంపు ఆయన పాకలోనే వేలాడుతుంది. "కూలి పెరిగితే?" అన్నాడు. పెరిగితే అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం బాబాయ్ అన్నాను. గ్రూపులో ఆ కషాయం ఫొటో మాత్రం మొన్న మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది బాబాయి వాళ్ళ కోడలు. విడిగా ఫోను చేసి చెప్పాలి.